వినగలిగినప్పుడే చెప్పవలసిన మాట

2024 ఫిబ్రవరి 20న అమీన్ సయానీ గారు 91 ఏళ్ల వయసులో ముంబయిలో కన్నుమూశారు. ఆ రోజు ప్రధానమంత్రి మొదలుకొని మారుమూల పల్లెలోని పాత రేడియో శ్రోత వరకు ఎందరో ఆయనను తలచుకున్నారు. ఆయన స్వరాన్ని పత్రికలు కొనియాడాయి, టెలివిజన్ ఛానళ్లు మళ్లీ వినిపించాయి. అదంతా సముచితమే. అయితే ఆ నివాళులన్నిటిలో ఒక లోటు ఉంది. వాటిని వినవలసిన మనిషి అప్పటికే వెళ్లిపోయారు. అంతకు ముందు పన్నెండేళ్లుగా ఆయన నడుము నొప్పితో బాధపడుతూ, వాకర్ సాయంతో అడుగులు వేస్తూ గడిపారు. నాలుగు మంచి మాటలు చెప్పడానికి ఆ పన్నెండేళ్లూ మనందరికీ అవకాశం ఉంది.

ప్రసారకర్త బ్రతుకు ఒక విచిత్రమైన బ్రతుకు. కంటికి కనిపించని మనుషులతో అతడు జీవితమంతా మాట్లాడతాడు. గాయకుడికి సభలో చప్పట్లు వినిపిస్తాయి, కవికి ముషాయిరాలో వాహ్వాలు దక్కుతాయి. రేడియో మనిషికి మాత్రం స్టూడియోలో నాలుగు గోడలే ఎదురుగా ఉంటాయి. తన మాట ఎవరికి చేరిందో ఉత్తరాలు వస్తేనే తెలుస్తుంది. ముసలితనంలో జబ్బు పడి, గొంతు బలహీనపడి, ఉత్తరాలు కూడా ఆగిపోయిన రోజున అతడిని చుట్టుముట్టే నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దం కాదు. అందుకే జబ్బుపడిన ప్రసారకర్తకు అభిమానులూ సహచరులూ చెప్పే కృతజ్ఞత మర్యాద కోసం చేసే పని కారాదు. ఏళ్ల తరబడి అతడు మనకు రాసిన ఉత్తరాలకు మనం ఇవ్వవలసిన జవాబు అది.

ఈ విషయంలో మన సమాజానికి కొత్తగా ఎవరూ నేర్పవలసినది లేదు. ఒక ముస్లిం పట్ల మరొక ముస్లింకు గల బాధ్యతలలో రోగిని పరామర్శించడం ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. ఇయాదత్ మన ఇళ్లలో నేటికీ సజీవంగా ఉన్న సంప్రదాయమే. బంధువు ఆసుపత్రిలో ఉంటే వెళ్లకుండా ఉండలేము. కానీ ఆ బాధ్యతను రక్తసంబంధం దగ్గరే ఆపేస్తున్నాము. మన భాషకు, మన పిల్లల చదువుకు, మన ఊరి గౌరవానికి సేవ చేసిన వృద్ధుల గడప తొక్కడం మరచిపోతున్నాము. జనాజా నమాజుకు వందల మంది వస్తారు. అంతకు ముందటి ఏడాది తలుపు తట్టినవారు ఎందరని అడిగితే వేళ్ల మీద లెక్కించవచ్చు.

అమీన్ సయానీ గారి జీవితాన్ని దగ్గరగా చూస్తే ఇటువంటి మనుషులు ఏమి నిర్మించి వెళతారో బోధపడుతుంది. ఆయన తల్లి కుల్సూమ్ సయానీ గారు స్వాతంత్ర్యోద్యమ కాలం నుంచి వయోజన విద్య కోసం పాటుపడిన మహిళ. గాంధీజీ ప్రోత్సాహంతో ఆమె ‘రహ్బర్’ అనే పక్షపత్రిక నడిపారు. అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్నవారి కోసం ఆ పత్రిక ఒకే తేటైన హిందుస్తానీని దేవనాగరి, ఉర్దూ, గుజరాతీ లిపులు మూడింటిలోనూ అచ్చువేసేది. చిన్ననాటి నుంచి ఆ పనిలో తల్లికి చేదోడుగా ఉన్న అమీన్ గారు అసలు ఇంగ్లీషు ప్రసారాలతో రేడియోలో అడుగుపెట్టినవారు. దేశమంతటికీ అర్థమయ్యే సరళమైన భాష తనకు ‘రహ్బర్’ వల్లనే అబ్బిందని ఆయన చెబుతుండేవారు. ఇది మనం గమనించవలసిన సంగతి. దేశం మెచ్చిన ఆ స్వరం వెనుక ఒక ముస్లిం తల్లి చేపట్టిన అక్షరాస్యతా ఉద్యమం ఉంది.

1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి బి.వి.కేస్కర్ హయాంలో ఆకాశవాణి నుంచి సినిమా పాటలు దాదాపు కనుమరుగయ్యాయి. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. ఆ ఏడాది డిసెంబరులో అక్కడ మొదలైన ‘బినాకా గీత్‌మాలా’ బాధ్యత ఇంకా ఇరవయ్యేళ్లు నిండని అమీన్ గారి భుజాల మీద పడింది. రాయడం, చదవడం, ఉత్తరాలు సరిచూడడం అన్నీ ఆయన పనే. ప్రతిఫలం వారానికి 25 రూపాయలు. మొదటి కార్యక్రమానికే 9,000 ఉత్తరాలు వచ్చాయని ఆయన ముచ్చటగా చెప్పుకునేవారు. బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు ఇంటింటా వినిపించిన ఆ కార్యక్రమం దశాబ్దాల పాటు సాగి, 1989లో వివిధ భారతికి మారింది. ‘బెహనో ఔర్ భాయియో’ అంటూ అక్కచెల్లెళ్లను ముందు పిలిచే ఆ సంబోధనకు దేశం యావత్తూ చెవి ఒగ్గింది. ఆ ఇంట్లో ఏ పండుగ చేసుకుంటారని ఆయన అడగలేదు. చెబుతున్న మనిషి పేరు ఏమిటని శ్రోతలూ అడగలేదు.

ఇక్కడ మన పాఠకులలో కొందరికి ఒక సందేహం కలగవచ్చు. సినిమా పాటలు వినిపించిన వ్యక్తిని ధార్మిక స్పృహ గల సమాజం ఇంతగా తలచుకోవడం ఎందుకు? పాటల మంచిచెడుల చర్చ వేరు, అది ఉలమాల పరిధి. మేము చెబుతున్నది మాట గురించి. ఒకరిని కించపరచకుండా, అరవకుండా, అబద్ధమాడకుండా కోట్ల మందితో మాట్లాడవచ్చునని ఆయన చూపించారు. ఎయిడ్స్ గురించి మాట్లాడడానికే జనం సంకోచించిన రోజుల్లో యథార్థ గాథల ఆధారంగా ‘స్వనాశ్’ అనే 13 భాగాల రేడియో ధారావాహిక రూపొందించారు. 1975లో అన్న హమీద్ సయానీ గారు మరణించాక, ఆయన నడిపిన పిల్లల క్విజ్ కార్యక్రమాన్ని తాను అందుకొని కొనసాగించారు. మనిషి గొంతును ద్వేషానికి అద్దెకిచ్చే ఛానళ్లు పెరిగిన ఈ రోజుల్లో ఆ నిగ్రహం విలువ మనకు ఇంకా బాగా తెలియాలి.

మరికొందరు ఆయన దేశమంతటికీ చెందినవాడు గదా, ముస్లింగా చూడడం ఎందుకని అడగవచ్చు. నిజమే, ఆయన అందరివాడు. ఆయనను ఒక మూలకు లాగాలన్న కోరిక మాకు లేదు. కానీ వార్తలలో ముస్లిం పేరు నిందితుడిగానో, బాధితుడిగానో మాత్రమే వినబడుతున్న కాలంలో, మన పిల్లలకు ఆ పేరు వేరొక చోట కూడా వినబడాలి. ఈ దేశపు ఉమ్మడి భాషను తీర్చిదిద్దినవారిలో తమవారు కూడా ఉన్నారని వారు తెలుసుకోవాలి.

అమీన్ గారికి 2009లో పద్మశ్రీ లభించింది. ‘గీత్‌మాలా కీ ఛావోఁ మే’ పేరిట ఆయన వ్యాఖ్యానంతో కూడిన ఆల్బములు వెలువడ్డాయి. ఆయన పేరుప్రతిష్ఠలే ఆయన స్వరాన్ని కాపాడాయి. ఆ పేరు లేనివారి సంగతి ఏమిటి? మా ఆవేదన అంతా ఇక్కడే ఉంది.

నిజాం కాలంలో ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడ భాషలలో మాట్లాడిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రంగా మారింది. ఆ తరువాత కూడా ఉర్దూ వార్తలు, ‘నైరంగ్’ వంటి ఉర్దూ కార్యక్రమాలు అక్కడి నుంచి వినిపిస్తూ వచ్చాయి. వాటి వెనుక తరతరాల అనౌన్సర్లు, నాటక కళాకారులు, వార్తలు చదివినవారు ఉన్నారు. వారిలో శాశ్వత ఉద్యోగులకు పింఛను ఉంటుంది. క్యాజువల్ అనౌన్సర్లకు నెలలో కొద్ది రోజుల పని, ఆ రోజులకు మాత్రమే డబ్బు. యౌవనమంతా మైకు ముందు గడిపినా ముసలితనానికి భరోసా లేదు. తెలుగు కార్యక్రమాలలో పని చేసినవారి పరిస్థితీ ఇదే. కాబట్టి ఇది ఒక మతానికో, ఒక భాషకో పరిమితమైన ఫిర్యాదు కాదు. అయినా ప్రసార సమయమే తక్కువగా ఉన్న భాషలో పని చేసినవారికి దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది.

దీనికి చట్టం ఆసరా లేకపోలేదు. 1990 నాటి ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్ ఆ సంస్థ బాధ్యతలను స్పష్టంగా చెబుతోంది. వివిధ ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు తగిన చోటు ఇవ్వాలనీ, అల్పసంఖ్యాకుల, గిరిజనుల ప్రత్యేక అవసరాలను దృష్టిలో ఉంచుకొని కార్యక్రమాలు రూపొందించాలనీ అందులో ఉంది. సొంత భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కును రాజ్యాంగం 29వ అధికరణం పౌరులకు ఇచ్చింది. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష. ఇన్ని హామీలు కాగితం మీద ఉండగా ఒక భాష స్వరాలు టేపుల మీద చెరిగిపోతే, ఆ తప్పు ప్రభుత్వానిదీ, అడగని మనదీ.

కాబట్టి మా సూచనలు మూడు. మొదటిది, ప్రతి పట్టణంలోనూ మన యువజన సంఘాలు, మసీదు కమిటీలు అనారోగ్యంతో ఉన్న వృద్ధ ప్రసారకర్తలు, ఉపాధ్యాయులు, పాత్రికేయుల జాబితా రాసుకోవాలి. నెలకు ఒక ఇంటికైనా వెళ్లాలి. శాలువా కంటే మందుల చీటీ ముందు అడగాలి. వెంట పిల్లలను తీసుకువెళ్లాలి. మీ మాట మేము విన్నామని ఆ పెద్దలకు వారి ఎదుటే చెప్పాలి.

రెండవది, వారి చేత మాట్లాడించి ధ్వనిముద్రణ చేయాలి. నేడు ప్రతి చేతిలోనూ ఉన్న మొబైల్ ఫోను ఇందుకు చాలు. పాత ఊరు, పాత స్టూడియో, ఉచ్చారణ నేర్పిన గురువు, మరచిపోలేని ఉత్తరం గురించి అడగాలి. పెద్దవారు అలసిపోతే ఆపి మరొక రోజు వెళ్లాలి. వారి అనుమతితో ఆ రికార్డుల ప్రతులను స్థానిక గ్రంథాలయంలో, ఉర్దూ అకాడమీలో, హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో భద్రపరిచే ఏర్పాటు కోరాలి.

మూడవది, హక్కుగా అడగవలసినది. ఆకాశవాణి కేంద్రాలలో ఎన్ని ఉర్దూ టేపులు ఉన్నాయి, వాటిలో ఎన్నింటిని డిజిటల్ రూపంలోకి మార్చారు అనే ప్రశ్నలు 2005 సమాచార హక్కు చట్టం కింద ఏ పౌరుడైనా వేయవచ్చు. మన కార్యకర్తలు వేయాలి. రెండు రాష్ట్రాల ఉర్దూ అకాడమీలు పురస్కారాలతో సరిపెట్టుకోకుండా, పింఛను లేని వృద్ధ కళాకారులకు వైద్య సహాయం అందించే నిధి ఏర్పాటు చేయాలి. దీర్ఘకాలం పని చేసిన క్యాజువల్ అనౌన్సర్ల వృద్ధాప్య భద్రత బాధ్యతను ప్రసార భారతి స్వీకరించాలి.

మరణించినవారి కోసం మనం మగ్ఫిరత్ కోరతాము. జీవించి ఉన్నవారి కోసం ఆరోగ్యాన్ని కోరతాము. ఆ రెండవ దువాను వారి మంచం పక్కన కూర్చుని, వారికి వినబడేటట్టు చేద్దాము. మీ ఊరిలో అటువంటి పెద్దలు ఉంటే వచ్చే జుమా లోపల ఒకసారి వెళ్లి రావలసిందిగా మా పాఠకులను కోరుతున్నాము.