సిగ్గు చాటున పెరుగు గడ్డ



క్రిందటి మాసమున ఈ శీర్షిక క్రింద రక్తహీనతను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున నెత్తుకొన్న విషయము కూతురు తల్లితోను, కోడలు అత్తగారితోను గూడ చెప్పుకొనుటకు జంకునట్టిది. అది రొమ్ము క్యాన్సరు. నేడు మన దేశపు స్త్రీలకు వచ్చు క్యాన్సరులన్నిటిలో నెక్కువగా కానవచ్చునది ఇదియే. 2022వ సంవత్సరమున సుమారు 1,92,000 మంది భారతస్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా సోకెననియు, ఆ యేడే సుమారు 98,000 మంది దీనివలన మరణించిరనియు అంతర్జాతీయ అంచనాలు తెలుపుచున్నవి.

గడ్డ చిన్నదిగా నున్నప్పుడే బయటపడినచో, తగిన చికిత్సచే పెక్కుమంది స్వస్థులై చిరకాలము జీవించుచున్నారు. అది ఎముకలకును, ఊపిరితిత్తులకును ప్రాకిన పిమ్మట వైద్యుని చేతిలోని పని కడు కష్టమగును. అట్లయ్యును మనవారిలో ననేకులు ఆలసించియే ఆసుపత్రి గడప త్రొక్కుచున్నారు. ఏల?

మొదటి కారణము సిగ్గు. రెండవది నొప్పి లేకుండుట. బాధ పెట్టనిది రోగము కాదని మన నమ్మకము. కాని ఈ గడ్డ తొలినాళ్లలో తరచుగా నొప్పి పెట్టదు. అదియే దీని మోసము. మూడవ కారణము మన సంసారమే. మామగారి మందులు, పిల్లల పరీక్షలు, ఆడపడుచు సీమంతము, ఇవి యన్నియు గడచిన పిమ్మట చూచుకొందమని ఇల్లాలు తన పనిని వెనుకకు నెట్టుకొనును. ఇంటిల్లిపాది నుదుట చేయివైచి జ్వరము చూచు ఆమెయే తన రొమ్ములోని గడ్డను నెలల తరబడి పైటచాటున దాచుకొనును. నిప్పును, అప్పును, పగను, రోగమును శేషముంచరాదని పెద్దలు చెప్పిన మాట ఇతరులకే కాని తనకు కాదని తలచును కాబోలు!

కావున ప్రతి స్త్రీయు తన శరీరము మామూలుగా నెట్లుండునో ఎరిగి యుండవలెను. బహిష్టు ముగిసిన కొలది దినములకు రొమ్ములు మెత్తబడియుండును. చూచుకొనుట కది తగిన సమయము. బహిష్టు లుడిగినవారు నెలకొక దినము నేర్పరచుకొనవచ్చును. తలుపు గడియ వైచి, అద్దము ముందు నిలిచి, చేతులు వ్రేలాడవైచి యొకమారును, పైకెత్తి యొకమారును, నడుమున నానించి యొకమారును పరికింపుడు. పిదప వెల్లకిల పరుండి, ఒక చేయి తలక్రింద నుంచుకొని, రెండవచేతి నడిమి మూడు వ్రేళ్ల మెత్తని భాగముతో చిన్న చిన్న సున్నలు చుట్టుచు, మొదట తేలికగాను, పిమ్మట కొంచెము గట్టిగాను ఒత్తి చూడుడు. మెడక్రింది ఎముక మొదలు రొమ్ము అడుగువరకును, చంక లోపలను విడువరాదు.

క్రొత్తగా తగులు గడ్డ, చర్మమున సొట్ట, బత్తాయి తొక్కవలె గుంటలుపడిన చర్మము, లోపలికి లాగుకొనిపోయిన చనుమొన, దానినుండి తనంతట కారు నెత్తురు, మానని పుండు, చంకలో బిళ్ల, ఒక రొమ్ము ఆకారము క్రొత్తగా మారుట: వీనిలో నేది కనబడినను వైద్యునకు చూపవలెను. పాలిచ్చు తల్లులు ప్రతి గడ్డయు పాలు గడ్డకట్టుటయే యనుకొందురు. ఒకటి రెండు వారములలో కరగనిచో దానినిగూడ చూపవలసినదే. భయపడకుడు; రొమ్ములోని గడ్డలలో నెక్కువభాగము క్యాన్సరు కావు. అయితే ఏది అగునో ఏది కాదో నిర్ణయించుట మన వ్రేళ్ల పని కాదు.

ఇచ్చట నొక సత్యము చెప్పవలెను. చైనాలోని షాంఘై నగరమున 1989 మొదలుకొని నేతమిల్లులలో పనిచేయు 2,66,000 మంది స్త్రీలను రెండు తెగలుగా జేసి, ఒక తెగకు స్వయముగా పరీక్షించుకొనుట నేర్పిరి. 2002లో ఫలితములు వెలువడగా రెండు తెగలలోను మరణములు సమానముగానే యుండెను. కనుక మన చేతిపరీక్ష రక్షరేకు కాదు. నేడు గడ్డ ఏదియు తగులలేదు గదా యని నిశ్చింతగా నుండరాదు. ముంబయిలో 1998 మొదలు సుమారు లక్షన్నర మంది స్త్రీలపై మరియొక పరిశోధన జరిగినది. అందు శిక్షణపొందిన ఆరోగ్య కార్యకర్తలగు స్త్రీలే రెండేండ్లకొకమారు పరీక్ష చేసిరి. వ్యాధి ముందుదశలోనే పట్టుబడినది. 50 ఏండ్లు దాటినవారిలో మరణములు నూటికి సుమారు 30 వంతులు తగ్గినవని 2021లో ప్రకటించిరి. అంతకు చిన్నవారిలో అట్టి తగ్గుదల కానరాలేదు. మన ఎరుకకు శిక్షితమైన చేయి తోడుపడవలెనని దీని సారాంశము. 2016లో వెలువడిన కేంద్రప్రభుత్వ మార్గదర్శకములును 30 మొదలు 65 ఏండ్ల స్త్రీలకు ఐదేండ్లకొకమారు ఈ పరీక్ష జరుగవలెనని నిర్దేశించినవి. మీ ప్రాంతపు ఆరోగ్యకేంద్రమున అడుగుడు. తల్లికిగాని, అక్కచెల్లెండ్రకుగాని ఈ వ్యాధి వచ్చియున్నచో వైద్యునకు ముందే తెలుపుడు.

సూది గ్రుచ్చి ముక్క తీసినచో రోగము ఒడలెల్ల ప్రాకునని కొందరు భయపెట్టుదురు. దానిని నమ్మి పరీక్ష మానుకొనవలదు; గడ్డ స్వభావము తెలియుటకు అదియే మార్గము. రొమ్ము మొత్తము కోసివేయుదురను భయమును పెక్కుమందిని ఇంట కూర్చుండబెట్టుచున్నది. చిన్నదశలో గడ్డను మాత్రము తీసి కిరణచికిత్స చేసినను, రొమ్మంతయు తీసివేసినవారితో సమానముగా జీవింతురని అమెరికాలో జరిగిన పరిశోధన 1985లో తెలిపినది. ఇరువదియేండ్ల పరిశీలన పిమ్మట 2002లో దానినే ధ్రువపరచినది. రొమ్ము నిలుపుకొన గోరువారే అందరికన్న ముందుగా పోవలెను.

డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు తన చెల్లెలిని క్యాన్సరుకు కోల్పోయిరి. ఆ దుఃఖమును మనసులోనే అణచుకొనక, 1954లో మదరాసు అడయారున క్యాన్సరు వైద్యాలయమును నెలకొల్పిరి. మనము వైద్యాలయములు కట్టలేకపోవచ్చును; ఒక మాట అడుగగలము. అత్తగారలారా, మీ కోడలు ఈ సంగతి చెప్పవచ్చినప్పుడు పని నెపమున మరలింపక, తోడు వెళ్లుడు. కోడండ్రారా, వయసు పెరిగినకొలది ఈ వ్యాధి భయము పెరుగును గనుక అత్తగారిని మీరే అడుగుడు. ఈ పుట చదివి ప్రక్కన బెట్టక, చదువురాని పొరుగింటి వదినగారికి చదివి వినిపింపుడు. విన్నపిమ్మట ఆమె క్షణకాలము మౌనము వహించినచో, తొందరపడి లేచిరాక, ఆమె చెప్పువరకు కూర్చుండుడు.