నో క్లెయిమ్ బోనస్ – ఒక సంతకం

ఏళ్ళ తరబడి ఎవరికీ హాని కలగకుండా కారు నడిపినా ప్రీమియం ఎందుకు పెరుగుతోందని గరిడేపల్లి సోదరులు మమ్మల్ని అడుగుతుంటారు. ఎదుటివారి నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియంను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. నిదానస్తునికీ, దూకుడు మనిషికీ అది ఒక్కటే. 1000 నుండి 1500 సీసీ కార్లకు 2022 జూన్‌లో అది 3,221 నుండి 3,416 రూపాయలకు పెరిగింది, జీఎస్టీ అదనం. జాగ్రత్తకు దక్కే బోనస్ సొంత కారు నష్టానికి కట్టే భాగానికే వర్తిస్తుంది: క్లెయిమ్ లేని తొలి ఏడాదికి 20 శాతం, వరుసగా ఐదేళ్ళకు 50 శాతం.

బీమాపై ధర్మపండితుల అభ్యంతరాలు తెలియనివి కావు. అయితే థర్డ్ పార్టీ బీమాను 1988 నాటి మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది. మన బండి తగిలిన కూలీ ఇంటికి పరిహారం అందేది దాని నుండే. దాన్ని ఎగ్గొట్టడం తోటి దాసుల హక్కును కాలరాయడమే.

మమ్మల్ని కలవరపరిచేది మరొకటుంది. నిరుడు క్లెయిమ్ తీసుకుని, కంపెనీ మార్చేటప్పుడు 'తీసుకోలేదు' అని సంతకం చేసి బోనస్ పొందేవారున్నారు. ప్రీమియం భారమైనంత మాత్రాన అబద్ధం ధర్మసమ్మతం కాజాలదు. పైగా పాత కంపెనీని విచారిస్తే నిజం బయటపడుతుంది, రేపటి క్లెయిమే చేజారవచ్చు.

న్యాయంగా దక్కినదాన్ని మాత్రం వదులుకోనవసరం లేదు. బోనస్ కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మి కొత్తది కొన్నా వెంట వస్తుంది. పాలసీ గడువు ముగిసిన 90 రోజుల్లోగా పునరుద్ధరించకుంటే అది పోతుంది.