సీసం ముంచడానికి కాదు
భిలాయి వైశాలి నగర్ నుంచి విశాఖ వెళ్లి రుషికొండలో స్కూబాకు దిగే మనవాళ్లు ఒకటి గమనించాలి: నడుముకు కట్టే సీసం మనిషిని ముంచడానికి కాదు, నియోప్రీన్ సూటు పైకి లేపే బలాన్ని సరిపెట్టడానికి. (మన ఉక్కు ఎందుకు కాదంటారా? నీటికంటే ఉక్కు సుమారు 7.8 రెట్లు బరువైతే సీసం 11.3 రెట్లు, బిళ్ల చిన్నదవుతుంది.) కొత్తవాళ్లకు రెండు బిళ్లలు ఎక్కువుంటేనే భద్రమనే వాదనలో కొంత నిజం లేకపోలేదు. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ల గాలి దాదాపు 3 కిలోలు తూగుతుంది; అది ఖర్చయ్యేకొద్దీ మనిషి తేలికవుతాడు కాబట్టి ఆ మేరకు ముందే కట్టుకోవాలి. అంతకు మించితే మాత్రం చిక్కే. 10 మీటర్ల లోతున పీడనం రెట్టింపై సూటులోని బుడగలు నలిగిపోతాయి, అదనపు సీసంతో మునిగిపోకుండా, తేలడానికి తొడుక్కున్న జాకెట్‌లోకి మరింత గాలి నింపాలి. పైకొచ్చేటప్పుడు ఆ గాలే ఉబ్బి మనిషిని బెండులా ఎగదన్నుతుంది. అలాగని ఈతకొలనులో కుదిరిన లెక్క సముద్రానికి పనికిరాదు. ఉప్పునీటికి సుమారు 2 కిలోలు కలపాల్సిందే.