గాలి పీల్చగలగడమే నేరమా?

తిరుపతిలో అక్వేరియం అంగడికి వెళ్ళినోళ్ళు గల్లాపెట్టె పక్కన వరసగా పేర్చిన చిన్న ప్లాస్టిక్ డబ్బాల్ని చూసే ఉంటారు. డబ్బాకొక ఫైటర్ చేప. నెమలికంఠం రంగుదొకటి, నిప్పుకణిక లాంటిదొకటి. రెక్కలు పూర్తిగా విప్పితే ఆ కొసా ఈ కొసా ప్లాస్టిక్కుకు తగులుకుంటాయి. ఇంత ఇరుకులోనా అని అడిగామా, “దీనికింకేం కావాల్నా? గాలి మోటరు గూడా అక్కర్లే. గ్లాసులో ఏసినా బతుకుతాది” అని జవాబు. కొన్నవాళ్ళు ఆ మాటే పట్టుకుని ఖాళీ ఊరగాయ జాడీలో వేసి టీవీ పక్కన పెడతారు. నెల తిరక్కుండా అది వెల్లకిలా తేలితే, పాపం దాని ఆయుష్షు అంతే అనేస్తారు.

ఆ మాటకే నా కడుపు మండుతుంది. సరిగ్గా చూసుకుంటే ఫైటర్ రెండు మూడేళ్ళు నిక్షేపంగా బతుకుతుంది.

దీనికి పట్టిన దురదృష్టమల్లా దాని గొప్పతనమే. మొప్పల పైన దానికి చిక్కుముడిలా మడతలు పడిన ఒక అవయవం ఉంటుంది. దాంతో నీటి పైకొచ్చి నేరుగా గాలి గుటకేస్తుంది. అందుకే ప్రాణవాయువు తగ్గిన నీటిలో మిగతా చేపలు తేలిపోయినా ఇది నిలబడుతుంది. మన కొర్రమీనుకూ ఇంచుమించు ఇలాంటి శక్తే ఉంది. సంతలో రేకు బేసిన్లో అది ప్రాణంతో ఎగిరెగిరి పడుతుంటే, ఆ మొండి ప్రాణానికే కదా మనం రేటెక్కువైనా మారుమాట్లాడకుండా ఇచ్చి వస్తాం! అదే శక్తి ఫైటర్‌కు ఉంటే మాత్రం దోసెడు నీళ్ళు చాలంటాం. కొర్రమీనుకు విలువ తెచ్చిన గుణమే దీనికి శిక్ష ఎట్లా అయిందో ఎవరైనా చెప్పండి.

పైగా గాలి పీల్చినంత మాత్రాన విషం తప్పించుకోలేదు. చేప మలం, మిగిలిన మేత కుళ్ళి నీటిలో అమ్మోనియా పుడుతుంది. లీటరు నీళ్ళలో అది చూస్తుండగానే పెరిగి మొప్పల్ని కాల్చేస్తుంది. రెక్కల అంచులు చిరిగి, ఒళ్ళు రంగు తగ్గి, చేప అడుగున పడుకుంటుంది. ఇంట్లోవాళ్ళు “ఎంత నెమ్మదిగా ఉందో చూడండి” అని మురుస్తారు.

అడవిలో కూడా అది గుంటల్లోనే బతుకుతుందని వాదించేవాళ్ళున్నారు. థాయ్‌లాండ్‌లో అది పుట్టి పెరిగేది వరి మళ్ళలో, చిత్తడి నేలల్లో. శ్రీకాళహస్తి దిక్కున చెరువు కింద మడి చూసినవాళ్ళకు వేరే చెప్పాలా? నీళ్ళు మోకాటి లోతు కూడా ఉండవు, కానీ గట్టు నుంచి గట్టు దాకా పరుచుకుని ఉంటాయి. లోతు తక్కువైతే చోటు తక్కువని ఎవరన్నారు? సి. టి. రేగన్ అనే శాస్త్రవేత్త 1910లో దీనికి బెట్టా స్ప్లెండెన్స్ అని నామకరణం చేశాడు. థాయ్‌లాండ్ 2019లో దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. అంతటి జీవికి మన ఊళ్ళో దక్కింది మూతకు నాలుగు చిల్లులు పొడిచిన డబ్బా.

దీన్ని పోట్లాటకే గుర్తుపెట్టుకున్నారు గానీ, దీని సంసారం చూసినవాళ్ళు తక్కువ. మగ చేప నోటితో గాలి బుడగలు ఊది, నీటి మీద తెల్లటి నురగ గూడు కడుతుంది. ఆడ చేప పెట్టిన గుడ్లు కిందికి జారుతుంటే ఒక్కొక్కటే నోటితో అందుకుని గూట్లో పెడుతుంది. ఆ తర్వాత ఆడదాన్ని కూడా దగ్గరికి రానివ్వదు. పిల్లలు ఈదేదాకా కాపలా తండ్రిదే. ఇదంతా తెలియక పిల్లకాయలు దాని ముందు అద్దం పెట్టి, లేని శత్రువుతో గంటలకొద్దీ పోరాడిస్తూ చప్పట్లు కొడతారు.

వాస్తు పేరు చెప్పి తెచ్చిన ఆరోవానా చేపకైతే హాల్లో నాలుగడుగుల తొట్టి కడతారు. ఫ్లవర్‌హార్న్‌కు దీపాలు, ఫిల్టర్లు, ప్రత్యేక మేత. ఫైటర్ అడిగేది అందులో పిసరంత.

పదిహేను అంగుళాల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు గాజు తొట్టి చాలు. పైన అంగుళం వదిలి నింపితే ఇరవై లీటర్ల పైన పడతాయి. మూత తప్పనిసరి, ఎందుకంటే ఇది ఎగిరి దూకుతుంది. నీళ్ళను విసురుగా తోసే ఫిల్టర్ వద్దు, ఆ పొడవు రెక్కలతో ఎదురీదలేదు. చిన్న గాలి మోటరుతో నడిచే స్పాంజి ఫిల్టర్ సరిపోతుంది. కొళాయి నీళ్ళైతే క్లోరిన్ పోవడానికి హైపో చుక్కలు వేయాలి. చేపను తేకముందే తొట్టి నింపి, ఫిల్టర్ నడుపుతూ రోజూ చిటికెడు మేత వేయాలి. అమ్మోనియాను మింగే సూక్ష్మజీవులు స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత వారానికోసారి పావు వంతు నీళ్ళు మారిస్తే చాలు.

నీటి వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. పలమనేరు, కుప్పం దిక్కున చలికాలంలో చిన్న హీటరు పెట్టాలి. తిరుపతి మే నెల ఎండకైతే కిటికీకి దూరంగా, నేలకు దగ్గరగా పెట్టుకోవాలి. అలంకారానికి ప్లాస్టిక్ పూలు కొనొద్దు, రెక్కలు గీరుకుంటాయి. వీధిలో బాదం చెట్టు కింద రాలిన ఎండుటాకును కడిగి ఒకటి వేయండి. నీళ్ళు పలచటి టీ రంగుకు తిరుగుతాయి, చేప దాని నీడలో సేద తీరుతుంది. విదేశాల్లో చేపలు పెంచేవాళ్ళు ఈ ఆకుల్ని పాకెట్ల లెక్కన కొంటారు. మనం రోజూ ఊడ్చి కాలబెడుతున్నాం!

ఇవన్నీ ఎవరికీ అందనివి కావు. అసలు అడ్డం ఇంకోటి. చేప కంటే తొట్టికి ఎక్కువ ఖర్చవుతుంది. ఇంత చవక చేపకు అంత ఖర్చా అని మనసు ఒప్పదు. ప్రాణానికి దాని కొన్న వెలను బట్టి మర్యాద కొలిచే బుద్ధి మనది. రోమ్ నగరం 2005లోనే గుండ్రటి గాజు గిన్నెల్లో చేపల్ని పెంచడాన్ని నిషేధించింది. మనకు చట్టం వచ్చేదాకా ఎందుకు? అంగడివాళ్ళు “తొట్టి ఉందా?” అని ఒక్క మాట అడిగి అమ్మండి. పుట్టినరోజు కానుకలని జాడీల్లో చేపల్ని పంచేవాళ్ళు ఆ పని మానండి. తొట్టికి డబ్బు లేకపోతే చేపను తేకపోవడంలో నామోషీ ఏమీ లేదు. తెచ్చి, జాడీలో పెట్టి, చచ్చాక దాని ఆయుష్షు మీదికి తోసేయడంలోనే ఉంది.