బిందె మోసినామెను ఎవరడిగారు?

పోయిన ఆదివారం మధ్యాహ్నం పచ్చడికి మామిడికాయలు తరుగుతుంటే మా ఎదురింటావిడ వచ్చి కూర్చుంది. వెనకాలే వాళ్ళమ్మాయి. ఎం.ఏ. సోషియాలజీ ఈమధ్యే పూర్తి చేసింది.

"అక్కా, నువ్వన్న చెప్పు దీనికి! పీహెచ్‌డీ చేస్తదట. మంజీరల మొసళ్ళున్నయి కద, ఆ ఒడ్డుపొంట బతికే మనుషుల మీద చదువుతదట. గా చదువుకు ఏం కొలువొస్తది? ఎవరు చేస్కుంటరు దీన్ని?" అంటూ భారమంతా నా మీద వేసింది.

నిజం చెప్పొద్దూ, ముందు నేనూ ఆ తల్లి పక్షమే. మొసళ్ళ సంగతి అటవీశాఖ చూసుకుంటుంది, నీళ్ళ సంగతి కాలుష్య నియంత్రణ మండలి చూసుకుంటుంది. మధ్యలో ఈ పిల్ల చూసేదేముంది? అదే అడిగాను.

"పెద్దమ్మా, నీళ్ళను పరీక్ష చేసినోళ్ళు మస్తుమంది ఉన్నరు. ఆ నీళ్ళు మోసినోళ్ళను అడిగినోళ్ళు ఎంతమంది?" అంది.

కత్తిపీట పక్కన పెట్టేశాను. ఆ ప్రశ్న వారం రోజులు నన్ను వదల్లేదు. పాత పత్రికలూ, పుస్తకాలూ తిరగేశాను. తెలిసిన నాలుగు మాటలూ మీతో చెప్పుకుందామని ఇలా కూర్చున్నాను.

లెక్కకు వచ్చిందెంత?

పటాన్‌చెరు పేరు దేశమంతా తెలిసింది మందుల ఫ్యాక్టరీల వల్ల. వాటి వ్యర్థాలు నక్కవాగులో కలిసి, వాగు మంజీరలో కలిసి, ఒడ్డునున్న ఊళ్ళ పంటా, నీళ్ళూ పాడయ్యాయి. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు రోగులను చూస్తూనే ఈ కాలుష్యం మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. ఆ తర్వాత హైకోర్టుకు, హరిత ట్రిబ్యునల్‌కు నడిచింది. పంట పోయిన రైతులకు పరిహారం ఇమ్మనీ, ఊళ్ళకు మంచినీళ్ళు ఇమ్మనీ కోర్టు ఆదేశించింది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ఇక్కడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందట. మనం జ్వరమొస్తే వేసుకునే యాంటీబయాటిక్కే! ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదాని కన్నా అది ఎక్కువ. దాంతో ప్రపంచంలోని శాస్త్రవేత్తలంతా మన వాగు వైపు చూశారు.

ఇదంతా ఎంతో విలువైన పనే. అయితే ఒక్కసారి ఆడవాళ్ళ కళ్ళతో చూడండి. పంట నష్టాన్ని ఎకరాల్లో లెక్కగట్టారు. మరి పట్టా లేని ఆడమనిషి నష్టం ఏ కొలతకు అందుతుంది? వాగు చెడిపోయాక ఎవరు ఇంకో మైలు నడిచి నీళ్ళు తెచ్చారు? బర్రెలు అమ్ముకుంటే చేతిలో ఆడిన పాలడబ్బులు ఏమయ్యాయి? చేను పోయాక కంపెనీలో దినకూలికి పోయిందెవరు? ఇవి సీసాలో పట్టి ల్యాబుకు పంపే సంగతులు కావు. పక్కన కూర్చుని, నమ్మకం కుదిరాక అడగాల్సినవి.

మంజీర కథా అంతే. మగ్గర్ మొసళ్ళకూ, పక్షులకూ నీడగా 1978లో ఇక్కడ అభయారణ్యం వచ్చింది. ఆ నీళ్ళే హైదరాబాద్ నల్లాల్లోకీ పోయాయి. మొసళ్ళను లెక్కబెడతారు, పక్షులను లెక్కబెడతారు. చేపలు పట్టే ఇంటి ఇల్లాలు, ఒడ్డున బట్టలుతికే ఆమె, నీళ్ళు తగ్గినప్పుడు అంచున నాలుగు మొక్కలు పెట్టుకునే రైతు... వాళ్ళు ఏం వదులుకున్నారో, వాళ్ళకేం తెలుసో రాసిపెట్టే వాళ్ళు కూడా కావాలి కదా! వాళ్ళు సహకరించకపోతే ఏ రక్షణా నిలవదు.

ఇది కొత్త చదువేం కాదు

ప్రకృతి రక్షణలో మనుషుల సంగతి చూసే ఈ చదువుకు ఇప్పుడు ప్రపంచంలో మంచి గుర్తింపే ఉంది. ఊరుమ్మడి అడవినీ, నీటినీ, చేపలనీ జనం తమలో తాము కట్టుబాట్లు పెట్టుకుని ఎలా కాపాడుకుంటారో పరిశోధించిన అమెరికా ఆవిడ ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రంలో అది అందుకున్న మొదటి మహిళ ఆమే.

అంతదూరం ఎందుకు? మన పటాన్‌చెరు ఇక్రిశాట్ 1975లోనే పల్లెల అధ్యయనం మొదలుపెట్టింది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరు లాంటి ఊళ్ళలో పరిశోధకులను అక్కడే కాపురం ఉంచి, ఇంటింటి రాబడీ ఖర్చూ ఏళ్ళ తరబడి రాయించింది. ఆ లెక్కలు ఎందరో విద్యార్థులకు ఆధారమయ్యాయి.

మన జిల్లాలోనే జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. అక్కడి సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళిత స్త్రీలు, చిరుధాన్యాల విత్తనాలు ఇళ్ళల్లో దాచి కాపాడారు. 2008లో సొంతంగా సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ వారి ఈక్వేటర్ ప్రైజ్ ఆ సంస్థకు వచ్చింది. బడికి పోని ఆడవాళ్ళ దగ్గర ఇంత విద్య ఉందంటే, అడిగి రాసుకునే వాళ్ళకు పని లేకపోవడమా?

దారులు ఎటున్నాయి?

పీజీలో 55 శాతం మార్కులుంటే (రిజర్వేషన్ వర్గాలకు 50) యూజీసీ నెట్ రాయొచ్చు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే, 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37 వేలు, ఆ తర్వాత 42 వేలు. వయసు 30 లోపు ఉండాలి, ఆడపిల్లలకు అయిదేళ్ళ సడలింపు. ఫెలోషిప్ అక్కర్లేదు, పీహెచ్‌డీలో చేరితే చాలనుకునే వారికి నెట్‌లో వయసు అడ్డు లేదు. నెట్ మార్కులతో పీహెచ్‌డీ ప్రవేశమిచ్చే పద్ధతి 2024లో మొదలైంది.

పెళ్ళైతే చదువు ఆగిపోతుందన్న భయం ఎక్కువ మందికి. 2022 యూజీసీ నిబంధనల్లో ఆడవాళ్ళకు గడువు అన్నీ కలిపి పదేళ్ళ దాకా పొడిగించే వీలుంది. ప్రసూతికీ, పిల్లల పెంపకానికీ 240 రోజుల దాకా సెలవు ఇస్తారు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గానూ చేయొచ్చు.

చోటు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. సంగారెడ్డి పక్కనే కందిలో ఐఐటీ ఉంది. ఐఐటీ అంటే ఇంజనీరింగే అనుకుంటాం గానీ, అక్కడి లిబరల్ ఆర్ట్స్ విభాగంలో పీహెచ్‌డీ చేయిస్తారు. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం, సోషియాలజీ ఉన్నాయి. ఉస్మానియా ఉండనే ఉంది. బెంగుళూరులో ఏట్రీ అనే సంస్థ ప్రకృతినీ సమాజాన్నీ కలిపి పీహెచ్‌డీ చేయిస్తుంది. విదేశాలకు పోగలిగితే ఇంగ్లండ్ కెంట్ విశ్వవిద్యాలయంలో ఇందుకోసమే 1989లో పెట్టిన డ్యూరెల్ సంస్థ ఉంది.

అంతా పూలబాటే అనను. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. చదువయ్యాక ఉద్యోగం చేతిలో పెట్టేవాళ్ళు లేరు. ఒంటరిగా ఊళ్ళు తిరగాలి. ఇంకో మాట: జనం చెప్పింది రాసుకుని, డిగ్రీ తెచ్చుకుని, మళ్ళీ ఆ ఊరి మొహం చూడని పరిశోధన వల్ల ఊరికి ఒరిగేదేమీ లేదు. అక్కడి యాస తెలిసిన, రేపూ అక్కడే ఉండే మన పిల్లలు చేస్తే ఆ తేడా తెలుస్తుంది.

నిన్న సాయంత్రం తల్లీకూతుళ్ళిద్దరినీ కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి, "మా అమ్మగారి ఊరు నక్కవాగు ఒడ్డునే అక్కా. చిన్నప్పుడు వాగుల చెలిమె తోడి నీళ్ళు తాగేటోళ్ళం. తర్వాత వ్యవసాయ బావి దాక పోయి, బిందె మీద బిందె పెట్టుకొని మోసిన. ఇప్పటిదాంక నన్నెవ్వరు అడగలే" అంది.

పిల్ల లోపలికి పోయి నోటుపుస్తకం తెచ్చుకుంది.

మీ ఇంట్లోనూ డిగ్రీ చేతబట్టుకుని ఇలాంటి మాటంటున్న పిల్ల ఉంటే, "ఏం కొలువొస్తది?" అని అడగండి, తప్పు లేదు. దానితోపాటు "ఏం అడుగుదామనుకుంటున్నవు బిడ్డా?" అని కూడా అడగండి.