మోటార్‌హోమ్‌కి వీడియో డోర్‌బెల్ పెట్టుకోండి, కానీ దొంగల కోసం కాదు

వైర్‌లెస్ వీడియో డోర్‌బెల్ అనేది ఇంటి కోసం పుట్టిన గ్యాడ్జెట్. ఇల్లు కదలదు. వైఫై ఎప్పుడూ ఉంటుంది. కరెంటు ఉంటుంది. గుమ్మం ముందు ఎవరు తిరుగుతారో మనకి దాదాపు తెలుసు. మోటార్‌హోమ్‌కి వచ్చేసరికి ఈ నాలుగింటిలో ఒక్కదానికీ గ్యారంటీ లేదు. అయినా అమెరికాలో ఆర్‌వీ కొన్న మన తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "ఇంటికి పెట్టిన డోర్‌బెల్ లాంటిదే ఇంకోటి కొని బండికి అంటించేస్తే సరిపోదా?"

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెట్టుకోండి, అది పనికొచ్చే వస్తువే. కాకపోతే యాడ్స్‌లో చూపించే కారణం కోసం కాదు. యాడ్ దొంగని చూపిస్తుంది. మోటార్‌హోమ్‌లో ఈ డోర్‌బెల్ అసలు విలువ, తలుపు తీయాలా వద్దా అని తేల్చుకునే ఆ పది సెకన్లలో ఉంది.

ఇండియాలో చదువుతున్నవాళ్ల కోసం ఒక్క మాట. మోటార్‌హోమ్ అంటే మన సినిమా హీరోల కారవాన్ లాంటిదే. మంచాలు, వంటగట్టు, బాత్రూమ్ అన్నీ లోపలే. ఇక్కడ డ్రైవర్ ఉండడు, ఫ్యామిలీయే నడుపుకుంటూ తిరుగుతుంది. మేం డాలస్ దగ్గర ఉంటాం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మోటార్‌హోమ్‌ని రెండేళ్లుగా వాడుతున్నాం, డోర్‌బెల్‌తో సహా.

అసలు అవసరం ఎక్కడొస్తుంది?

చాలా ఆర్‌వీల తలుపుకి డోర్ ఐ ఉండదు. రాత్రి కిటికీలకి బ్లైండ్స్ దించేస్తాం. బయట ఎవరున్నారో తెలియాలంటే తలుపు తీయడమో, బ్లైండ్ ఎత్తి మన ముఖం చూపించడమో చేయాలి. దూర ప్రయాణాల్లో చాలామంది వాల్‌మార్ట్ పార్కింగ్ లాట్‌లో ఒక రాత్రి గడిపేస్తారు. అక్కడ అర్ధరాత్రి ఒంటి గంటకి తలుపు చప్పుడైతే ఎవరై ఉండొచ్చు? "ఇక్కడ రాత్రి ఉండకూడదు, తీసేయండి" అని చెప్పడానికి వచ్చిన సెక్యూరిటీ అయ్యుండొచ్చు. "మీ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంది" అని చెప్పే పక్క బండాయన అయ్యుండొచ్చు. తాగి తూలుతున్నవాడూ అయ్యుండొచ్చు. ముగ్గురికీ మనం చేయాల్సింది వేరు. తలుపు తీయకుండానే ఆ తేడా తెలియడం చిన్న విషయం కాదు.

ఇంకో సందర్భం మన ఇళ్లలో మరీ ఎక్కువ. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తారు. వేసవిలో వాళ్లని తీసుకుని నేషనల్ పార్కులకి బయల్దేరతాం. మేం పిల్లలతో రెండు గంటల ట్రెయిల్ ఎక్కుతాం, మోకాళ్ల నొప్పులతో నాన్న, తోడుగా అమ్మ బండిలోనే ఉంటారు. పోయిన వేసవిలో యూటాలో ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండగా ఫోన్‌కి డోర్‌బెల్ నోటిఫికేషన్ వచ్చింది. చూస్తే క్యాంప్‌గ్రౌండ్ హోస్ట్. పెద్ద గాలి వస్తోంది, ఆనింగ్ మూసేయమంటున్నాడు. ఆనింగ్ అంటే బండి పక్కకి విప్పే గుడ్డ పందిరి. గాలికి అది విరిగితే వందల డాలర్లు పోతాయి. నేను ట్రెయిల్ మీద నుంచే ఆయనతో మాట్లాడి, వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. "ఎవరో తలుపు కొడుతున్నాడ్రా, నేను తియ్యలేదు" అంది. "ఆయన ఇక్కడి మనిషేనమ్మా, తలుపు తియ్యి, పందిరి మూస్తాడు" అన్నాను. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. అమ్మ తలుపు తీయకపోవడమూ కరెక్టే, తర్వాత తీయడమూ కరెక్టే. మధ్యలో డోర్‌బెల్ లేకపోతే ఈ రెండోది జరిగేది కాదు.

వారం తర్వాత ఎల్లోస్టోన్ వెళ్లాం. మా సైట్ దగ్గర సిగ్నల్ లేదు. అదే డోర్‌బెల్, అదే ఫోన్, అక్కడ దేనికీ పనికిరాలేదు. ఎవరైనా బటన్ నొక్కితే నాకు తెలిసే దారే లేదు. ఈ రెండు వారాల తేడాలోనే మీరు ఏ మోడల్ కొనాలో సమాధానం ఉంది.

"వైర్‌లెస్" అనే మాటలో దాగిన ఖర్చు

డబ్బా మీద "ఆరు నెలల బ్యాటరీ" అని ఉంటుంది. నిజమే కావచ్చు. కానీ డోర్‌బెల్ పనిచేయాలంటే వైఫై ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. ఇంట్లో ఆ రౌటర్ కరెంటు లెక్క ఎవరూ చూడరు. మోటార్‌హోమ్‌లో చూడాల్సిందే.

ఉదాహరణకి 2024లో వచ్చిన స్టార్‌లింక్ మినీ సగటున 25 నుంచి 40 వాట్లు తీసుకుంటుంది. 30 వాట్లు అనుకుందాం. 24 గంటలకి 720 వాట్-అవర్లు. బండిలో 100 ఆంప్-అవర్ లిథియం బ్యాటరీ ఒకటి ఉంటే దాని మొత్తం సామర్థ్యం సుమారు 1,280 వాట్-అవర్లు. అంటే కరెంటు కనెక్షన్ లేని చోట డోర్‌బెల్ కోసం ఇంటర్నెట్ ఆన్‌లో ఉంచితే రోజుకి సగం బ్యాటరీ పైనే పోతుంది. అదే 5 వాట్ల చిన్న 4జీ రౌటర్ అయితే 120 వాట్-అవర్లతో సరిపోతుంది. సిగ్నల్ ఉన్న చోట్ల నేను వాడేది ఇదే.

క్యాంప్‌గ్రౌండ్ వాళ్ల ఫ్రీ వైఫై వాడొచ్చు కదా అంటారా? అక్కడ కనెక్ట్ కాగానే ఒక పేజీ తెరుచుకుని పేరు, సైట్ నంబర్ అడుగుతుంది. ఆ పేజీ నింపడం డోర్‌బెల్‌కి చేతకాదు. మధ్యలో ఒక ట్రావెల్ రౌటర్ పెట్టి, లాగిన్ దానితో చేయించి, డోర్‌బెల్‌ని మన సొంత నెట్‌వర్క్‌కి కలపాలి. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. ఊరు మారిన ప్రతిసారీ డోర్‌బెల్‌ని మళ్లీ సెటప్ చేసే పని తప్పుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద మాత్రం ఆధారపడకండి. మీరు ఫోన్ జేబులో పెట్టుకుని ట్రెయిల్‌కి వెళ్లగానే ఇంటర్నెట్ కూడా మీతోపాటే వెళ్లిపోతుంది.

డేటా లెక్క కూడా చూడండి. వీడియో సెకనుకి 2 మెగాబిట్లు అనుకుంటే, 20 సెకన్ల క్లిప్ 5 ఎంబీ. నిండుగా ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో కుక్కలు, సైకిళ్లు, పిల్లలు, ఊగే ఆనింగ్ నీడలు అన్నీ కలిపి మోషన్ అలర్ట్‌లు రోజుకి 150 దాటినా ఆశ్చర్యం లేదు. అంటే రోజుకి 750 ఎంబీ, నెలకి 22 జీబీ పైమాటే. అందుకే నా సలహా: పార్క్ చేసిన చోట మోషన్ డిటెక్షన్ ఆపేసి, బటన్ నొక్కితేనే రికార్డ్ అయ్యేలా పెట్టండి. డేటా మిగులుతుంది, బ్యాటరీ మిగులుతుంది, మనశ్శాంతి కూడా మిగులుతుంది.

కొనేముందు ఒక్కటే పరీక్ష

మెగాపిక్సెళ్లు, వ్యూ యాంగిల్ తర్వాత చూద్దాం. ముందు ఇది చూడండి: ఇంటర్నెట్ పోయాక ఈ డోర్‌బెల్‌లో ఏం మిగులుతుంది? కొన్న వెంటనే, రిటర్న్ గడువు ఉండగానే, ఇంట్లోనే పరీక్షించొచ్చు. రౌటర్‌కి వచ్చే ఇంటర్నెట్ కేబుల్ పీకేయండి, వైఫై మాత్రం ఆన్‌లోనే ఉంచండి. ఇప్పుడు బటన్ నొక్కండి. లోపల చైమ్ మోగిందా? వీడియో ఎక్కడైనా సేవ్ అయిందా? లోపలున్న ట్యాబ్‌లో బయటి మనిషి కనిపించాడా? మూడింటికీ "లేదు" అయితే, ఎంత మంచి కెమెరా అయినా మోటార్‌హోమ్‌కి వద్దు.

మార్కెట్లో దీనికి కంపెనీకో పద్ధతి ఉంది. 2021లో వచ్చిన బ్యాటరీ నెస్ట్ డోర్‌బెల్, వైఫై పోయినా సుమారు గంట నిడివి క్లిప్పులని తనలోనే దాచుకుంటుంది. బ్లింక్ డోర్‌బెల్ అయితే సింక్ మాడ్యూల్ 2కి పెన్‌డ్రైవ్ పెట్టి క్లిప్పులు సేవ్ చేసుకోవచ్చు. ఆ మాడ్యూల్ మామూలు యూఎస్‌బీ పోర్టు మీద నడుస్తుంది, ఇది ఆర్‌వీలో పెద్ద సౌకర్యం. ఎందుకంటే గోడ సాకెట్‌లో గుచ్చే చైమ్‌లకి 120 వోల్టుల కరెంటు కావాలి. క్యాంప్‌గ్రౌండ్ కనెక్షనో, జనరేటరో, ఇన్వర్టరో లేకపోతే ఆ సాకెట్లు చచ్చినట్టే. అలాగే 16-24 వోల్టుల ఏసీ అని రాసి ఉన్న వైర్డ్ మోడళ్ల జోలికి పోవద్దు. మన బండిలో ఉండేది 12 వోల్టుల డీసీ.

"ఇంత గొడవ ఎందుకు, ఇరవై డాలర్ల మామూలు వైర్‌లెస్ బెల్ చాలు కదా" అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో నిజం ఉంది. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, ఎల్లోస్టోన్‌లో కూడా మోగుతుంది. కానీ బయటెవరున్నారో అది చెప్పదు, మనకి కావాల్సిందే అది. మధ్యేమార్గం ఒకటుంది. సొంత స్క్రీన్‌తో వచ్చే డోర్‌బెల్ సెట్లు. ఇవి బటన్ నుంచి స్క్రీన్‌కి నేరుగా సిగ్నల్ పంపుతాయి, వైఫై, యాప్ ఏవీ అడగవు. దూరం నుంచి ఫోన్‌లో చూడలేం. కానీ లోపల ఉన్న అమ్మానాన్నలకి యాప్ తెరిచే పని లేకుండా మనిషి ముఖం కనిపిస్తుంది. ఎక్కువగా అడవుల్లో, సిగ్నల్ లేని చోట్ల తిరిగేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే.

ఎక్కడ బిగించాలి?

దయచేసి బండి గోడకి రంధ్రం వేయకండి. ఆ రంధ్రం గుండా నీళ్లు లోపలికి చేరితే గోడ పొరలు ఊడిపోతాయి, ఆ రిపేరు డోర్‌బెల్ ధరకి ఎన్నో రెట్లు అవుతుంది. గోడ పైన ఉండేది ఫైబర్‌గ్లాసో అల్యూమినియమో, కాబట్టి అయస్కాంతం అంటుకోదు. గట్టి రెండువైపుల టేపుతో మౌంట్ మాత్రమే అంటించి, డోర్‌బెల్‌ని దాంట్లోంచి తీసి పెట్టుకునేలా ఉండాలి.

తలుపు బయటకి తెరుచుకుంటుంది. మడతబందుల వైపు పెడితే తలుపు వెనక్కి వెళ్లి డోర్‌బెల్‌కే కొట్టుకుంటుంది. హ్యాండిల్ వైపే పెట్టండి. బయల్దేరేటప్పుడు తీసి లోపల ఛార్జింగ్‌కి పెట్టడం అలవాటు చేసుకోండి. హైవే గాలి, అదురు, వర్షం ధాటికి టేపుని నమ్ముకోలేం. పైగా మోషన్ ఆన్‌లో ఉంటే దారంతా రికార్డ్ చేస్తూ బ్యాటరీ ఖాళీ చేసుకుంటుంది. అరిజోనా ఎండలో నల్ల ప్లాస్టిక్ గాలికంటే ఎక్కువ వేడెక్కుతుంది, నీడ పడే వైపు వచ్చేలా పార్క్ చేయండి. చలికాలంలో సున్నా డిగ్రీల కింద లిథియం అయాన్ బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. లోపలికి తెచ్చి, కాస్త వేడెక్కాక పెట్టాలి.

పక్కవాళ్ల సంగతి కూడా మనదే

ఇంట్లో డోర్‌బెల్ మన వాకిలిని చూస్తుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో అది ఇరవై అడుగుల దూరంలో పక్కవాళ్లు కుర్చీలు వేసుకుని తినేచోటుని చూస్తుంది. వాళ్ల పిల్లలు, వాళ్ల కబుర్లు మన క్లిప్పుల్లో పడతాయి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో ప్రైవేట్ సంభాషణ రికార్డ్ చేయాలంటే అందులో ఉన్న అందరి ఒప్పుదలా కావాలి. మన బండి రాష్ట్రాలు దాటుతుంది, సెట్టింగు దానంతటదే మారదు. ఆడియో రికార్డింగ్ ఆపేసే ఆప్షన్ ఉంటే ఆపేయండి. ప్రైవసీ జోన్ గీసే వీలుంటే పక్క సైట్‌ని కప్పేయండి.

క్లౌడ్‌లో ఏముందో మనకొక్కరికే తెలుసనుకోవడం కూడా కుదరదు. ఉద్యోగులు, కాంట్రాక్టర్లు కస్టమర్ల వీడియోలు చూసేలా వదిలేసిందన్న ఆరోపణలపై రింగ్ 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 58 లక్షల డాలర్లకి సెటిల్ చేసుకుంది. 2022 నవంబరులో, వీడియోలన్నీ మీ దగ్గరే ఉంటాయని చెప్పుకున్న యూఫీ కెమెరాల నుంచి థంబ్‌నెయిల్ ఫోటోలు క్లౌడ్‌కి వెళ్తున్నాయని ఒక సెక్యూరిటీ రీసెర్చర్ బయటపెట్టాడు. నోటిఫికేషన్ల కోసమే పంపుతున్నామని కంపెనీ చెప్పింది. తక్కువ రికార్డ్ చేస్తే తక్కువ బయటపడుతుంది.

ఎవరు కొనాలి?

దొంగల భయంతో కొంటుంటే ఆగండి. ఇది బండికి ఒక్క వైపే చూస్తుంది. స్టోరేజ్ లాట్‌లో పార్క్ చేసి ఇంటికెళ్తే దానికి ఇంటర్నెట్ ఉండదు. టేపుతో అంటించిన దాన్ని పీక్కుపోవడం కూడా కష్టం కాదు. ఆ డబ్బు మంచి తాళాలకి, ఇన్సూరెన్స్‌కి పెట్టండి. ఏడాదికి ఒక వారం ఆర్‌వీ అద్దెకి తీసుకునేవాళ్లకి కూడా దీని అవసరం లేదు.

సొంత బండి ఉండి, రాత్రుళ్లు తెలియని చోట్ల ఆగేవాళ్లు, పెద్దవాళ్లనో పిల్లలనో లోపల వదిలి వెళ్లేవాళ్లు మాత్రం కొనండి. సిగ్నల్ ఉన్న ఊళ్లే తిరిగితే లోకల్ స్టోరేజ్ ఉన్న వైఫై మోడల్, చిన్న 4జీ రౌటర్. అడవులే ఎక్కువైతే సొంత స్క్రీన్ ఉన్న సెట్. ఏది కొన్నా లోపల ఉండేవాళ్లకి ఒక్క విషయం నేర్పించండి: బెల్ మోగితే ముందు స్క్రీన్ చూడాలి, తర్వాతే తలుపు.