పాత ట్రాక్టరుకు మరమ్మతా, మార్పిడా? కరవు మండలాల రైతు ముందున్న లెక్క

నల్లమాడ: శ్రీ సత్యసాయి జిల్లా నల్లమాడ మండలంలో వేరుశనగ పండిన ఏడాది కాయలు తోలేది ట్రాక్టరే. పండని ఏడాది పశుగ్రాసం మోసేదీ, బోర్లు ఎండిన వేసవిలో నీటి ట్యాంకరును లాగేదీ ట్రాక్టరే. దుక్కి మొదలు ఎరువు, ఇటుక, రాయి చేరవేత వరకు పల్లె పనులన్నీ ఆ ఒక్క వాహనం మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ వాహనం పాతబడినప్పుడు బాగు చేయించుకోవాలా, అప్పు చేసి కొత్తది కొనాలా అన్నది మెట్ట రైతు కుటుంబానికి చిన్న నిర్ణయం కాదు.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడంతో ఈ ప్రశ్న మరింత ముందుకు వచ్చింది. అయితే అదే రోజు నుంచి ట్రాక్టరు టైర్లు, ట్యూబులు, పలు విడిభాగాలపై పన్ను కూడా 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంటే పన్నుతో కలిపి 112 రూపాయలు పలికే కొత్త బండి 105కు దిగితే, 118 రూపాయలు పలికే విడిభాగం కూడా 105కే దిగింది. తగ్గుదల శాతంలో చూస్తే మరమ్మతుకే ఎక్కువ మేలు జరిగింది. కనుక కేవలం పన్ను తగ్గిందన్న కారణంతో పాత బండిని వదిలించుకోవడం సరైన లెక్క కాజాలదు.

వయోపరిమితిపై అపోహలు

పది సంవత్సరాలు దాటిన ట్రాక్టర్లను తప్పనిసరిగా తుక్కుకు పంపాలన్న ప్రచారం సామాజిక మాధ్యమాల్లో విస్తృతంగా సాగింది. ఇది నిరాధారమని కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 2023లో స్పష్టం చేసింది. వ్యవసాయ ట్రాక్టరు రవాణాయేతర వాహనం. దీనికి తొలుత 15 సంవత్సరాలకు రిజిస్ట్రేషన్ లభిస్తుంది. ఆ తర్వాత ఒక్కో విడత ఐదేళ్ల చొప్పున పునరుద్ధరించుకోవచ్చు. 15 సంవత్సరాలు నిండిన వాహనాల రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించరాదన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ వాహనాలకు అమలులోకి వచ్చింది గాని, రైతుల ట్రాక్టర్లకు అది వర్తించదు.

లారీల విషయం వేరు. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా సామర్థ్య పరీక్ష తప్పనిసరి. 2021 ఆగస్టులో ప్రారంభమైన స్వచ్ఛంద వాహన ఆధునికీకరణ కార్యక్రమం కింద గుర్తింపు పొందిన కేంద్రంలో పాత వాహనాన్ని అప్పగించి ధ్రువపత్రం పొందినవారికి, కొత్త రవాణా వాహనం మోటారు వాహన పన్నులో 15 శాతం వరకు రాయితీ ఇచ్చేందుకు కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి. లారీ యజమాని ఈ రాయితీని, ఏటా అయ్యే పరీక్షా వ్యయాన్ని కలిపి చూసుకోవలసి ఉంటుంది.

సంవత్సరాలు కాదు, గంటలు

ట్రాక్టరు వయసును క్యాలెండరుతో కాక, అది పనిచేసిన గంటలతో కొలవాలి. వ్యవసాయ ఇంజనీరింగ్ అంచనాల్లో ట్రాక్టరు ఆర్థిక ఆయుష్షును సుమారు 10,000 గంటలుగా పరిగణించడం పరిపాటి. ఏడాదికి 1,000 గంటలు తిరిగే బండికి ఇది పదేళ్లలో పూర్తవుతుంది. వర్షాధార సేద్యంలో ఏడాదికి 400 గంటలే తిరిగే బండికి 25 సంవత్సరాలు పడుతుంది. ఒకే సంవత్సరంలో కొన్న రెండు ట్రాక్టర్లలో సొంత పొలానికే పరిమితమైనది ఇంకా గట్టిగా ఉండవచ్చు. నిత్యం బాడుగకు బరువులు లాగినది చివరి దశకు చేరి ఉండవచ్చు.

ఇంజను నుంచి వచ్చే పొగ కూడా స్థితిని తెలుపుతుంది. నల్లపొగ వస్తే గాలి వడపోత మూసుకుపోవడమో, ఇంజెక్టర్ల లోపమో కారణం కావచ్చు. ఇది తక్కువ ఖర్చుతో సరిపోయే పని. నీలిపొగ ఆగకుండా వస్తూ ఇంజను ఆయిల్ తరచుగా తగ్గుతుంటే పిస్టన్ రింగులు, లైనర్లు అరిగినట్లు భావించాలి. ఇంజను బోరుకు వచ్చిందని మెకానిక్కులు చెప్పే స్థితి ఇదే. ఇంజను ఒక్కటే అరిగి, గేరు బాక్సు, వెనుక ఇరుసు, హైడ్రాలిక్ వ్యవస్థ బాగున్నప్పుడు ఇంజనును విప్పి బాగు చేయించడం లాభదాయకం. అన్నీ ఒకేసారి ఖర్చుకు వస్తే మార్పిడి గురించి ఆలోచించవలసిందే. ఈ ప్రాంతపు ఎర్రనేలల దుమ్ములో గాలి వడపోతను, అందులోని ఆయిల్‌ను దుక్కి రోజుల్లో రోజూ పరిశీలించడం ఇంజను ఆయుష్షును పెంచే అతి చౌక మార్గం.

రాజీ పడరానిది భద్రత

మరమ్మతును ఎంత కాలం కొనసాగించినా బ్రేకుల విషయంలో వాయిదా తగదు. బరువు నింపిన ట్రాలీ దిగుడులో ట్రాక్టరును ముందుకు నెడుతుంది. ట్రాలీకి బ్రేకులు లేకపోతే ఆ ఒత్తిడినంతా ట్రాక్టరు బ్రేకులే భరించాలి. పొలంలో మలుపుల కోసం కుడి, ఎడమ చక్రాలకు విడిగా ఉండే బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు తప్పక కలిపి బిగించాలి. లేకుంటే ఒకవైపే బ్రేకు పడి బండి తిరగబడే ప్రమాదం ఉంది. డీజిలు ఆదా కోసం దిగుడులో న్యూట్రల్‌లో వదలడం ప్రాణాంతకం. మితిమీరిన బరువుతో ఎగుడు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి స్టీరింగ్ అదుపు తప్పుతుంది. ట్రాలీ వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు లేకపోవడం రాత్రివేళ ద్విచక్ర వాహనదారుల పాలిట శాపమవుతోంది. ఈ లోపాలను సరిచేయించలేని బండి ఎన్ని గంటలు తిరిగినదైనా రోడ్డుపై బరువు లాగడానికి పనికిరాదు.

వాన రాని ఏడాదిలో వాయిదా

పూర్వపు అనంతపురం జిల్లాలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే. అది కూడా ఏటా అదను తప్పకుండా కురవదు. కరవు ప్రాంతపు లెక్క మిగతా చోట్లకు భిన్నం కావడానికి ఇదే కారణం. మరమ్మతు ఖర్చును పని దొరికినప్పుడు, చేతిలో డబ్బు ఉన్నప్పుడు పెట్టవచ్చు. రుణ వాయిదా మాత్రం వాన రాకపోయినా వస్తుంది. ఏడాదిలో అయిన మరమ్మతులు, అదనపు డీజిలు, బండి ఆగిన రోజుల నష్టం మూడింటినీ కూడి, కొత్త బండి వాయిదాలు, బీమాతో పోల్చాలి. ఆ పోలికను మంచి ఏడాది ఆదాయంతో కాక, కరవు ఏడాది ఆదాయంతో చేయాలి.

అయితే బండి ఆగిన రోజులన్నీ సమానం కావు. గ్రాసం తోలకం రెండు రోజులు ఆలస్యమైనా గండం గట్టెక్కుతుంది. వేరుశనగ విత్తే వేళ నేల పదును ఆరిపోతే ఆ అదను తిరిగి రాదు. పాత బండిని తేలికపాటి తోలకానికి ఉంచుకుని, విత్తే పనికి బాడుగ ట్రాక్టరును ముందుగా కుదుర్చుకోవడం అప్పు లేని మధ్యేమార్గం. రైతు బృందాలు యంత్రాలను ఉమ్మడిగా కొని బాడుగకు ఇచ్చే కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం 2014-15 నుంచి చేయూతనిస్తోంది. కొనక తప్పని పరిస్థితిలో నెలవారీ వాయిదాలకు బదులు పంట చేతికి వచ్చే కాలానికి సరిపడే వాయిదాలను బ్యాంకును కోరడం శ్రేయస్కరం.

1983లో స్థాపితమై అనంతపురం జిల్లా గార్లదిన్నెలో పనిచేస్తున్న దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ యంత్రాల ఎంపిక, నిర్వహణ, మరమ్మతులపై శిక్షణ ఇస్తోంది. పల్లెకొక యువకుడు ఈ శిక్షణ పొందినా బండి ఆగే రోజులు తగ్గుతాయి.

బ్రేకులు భద్రంగా ఉండి, ప్రధాన భాగాలు గట్టిగా ఉన్నంత కాలం పాత ట్రాక్టరు కరవు మండలంలో భారం కాదు, అప్పు లేని ఆస్తి. ఆ రెండూ లోపించిన నాడు మాత్రం దానిని రోడ్డుపైకి తేకపోవడమే రైతుకూ, దారిన పోయేవారికీ క్షేమకరం.